సగం దారిలో చార్జింగు

స్టీరింగు వెనక చిన్న తెర మీద చార్జి అంకె నూటికి యాభై రెండు దగ్గర ఆగిపోయింది. డెబ్బై ఉండాలి. కోడలు పాపను చంకన వేసుకుని, తెరిచిన కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కళ్లు మూసి తెరిచి మళ్లీ చూసింది. యాభై రెండే.

ఆమె వదిలి వెళ్లినప్పుడు చార్జింగు గన్ తమ కారు ముక్కున గుచ్చి ఉంది. పెట్రోలు బంకులో పట్టుకునేదానిలాగే ఉంటుంది గనక అందరూ దాన్ని గన్ అనే అంటారు. ఇప్పుడది పక్కనున్న బూడిదరంగు కారుకు గుచ్చి ఉంది. లావుపాటి నల్లటి వైరు, కడుపు నిండిన కొండచిలువలా, ఆ కారు పక్కన మెలిక తిరిగి పడుకుంది.

"అత్తయ్యా, గన్ ఎవరు తీశారు?"

వెనక సీట్లో అత్త శాలువా చెవుల దాకా లాక్కుని ఉంది. "ఊఁ?"

"ఎవరైనా వచ్చారా ఇక్కడికి?"

"కునుకు పట్టిందమ్మాయ్. నాకేం తెలుసు." ఆ గొంతు గరుకు కాగితం రుద్దినట్టు వచ్చింది. ఒకప్పుడు వీధి చివరున్న వాళ్లు కూడా ఉలిక్కిపడే గొంతది. ఇప్పుడు ఆ గొంతులోనే జబ్బు.

బూడిదరంగు కారాయన తన డిక్కీ తెరిచి కళ్లజోళ్ల పెట్టెలు సర్దుకుంటున్నాడు. ఊరూరా తిరిగి షాపులకు ఫ్రేములు వేసే ఏజెంటు. ఇందాక కోడలు గన్ పెడుతున్నప్పుడే వచ్చి, గడియారం చూసుకుని, "ఎంతసేపమ్మా ఇంకా?" అని రెండుసార్లు అడిగాడు. ఇప్పుడు ఆమె చూపు చూసి నవ్వాడు. "ఖాళీగా వేలాడుతుంటే పెట్టుకున్నానమ్మా. మీదైపోయిందనుకున్నా."

ఖాళీగా వేలాడుతోందట! కోడలికి నోటి దాకా వచ్చిన మాట అక్కడే కరిగిపోయింది. నోట్లో నాలుక లేని పిల్ల అని పుట్టింట్లోనూ పేరే, అత్తింట్లోనూ పేరే. తొమ్మిదో తరగతిలో బడి మానిపించినప్పుడు కూడా ఎందుకని అడగలేదు. "పరవాలేదండీ," అంది. అని, తనను తానే తిట్టుకుంది.

ఫర్నిచరు షాపు వెనక పెరట్లో రెండు చార్జింగు స్తంభాలున్నాయి. ఒకదానికి గోనెసంచి కప్పి మూడు నెలలైంది. ఇంకోటి ఇది. పట్నం ఇక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్లు. ఇల్లు ఇటువైపు నలభై ఐదు. నిండా చార్జి చేసినా వంద కిలోమీటర్లు పోతే గొప్ప. మొగుడు పనిచేసే ఐసు ఫ్యాక్టరీలో ఒకాయన వదిలించుకున్న కారు ఇది. చప్పుడు లేకుండా పోతుందని ఇరుగుపొరుగు దీనికి మూగకారని పేరు పెట్టారు. మూగకారుకి మూగ డ్రైవరు, అని అత్తే నవ్వింది అప్పట్లో.

పట్నంలో చార్జింగు దొరక్కపోతుందా అని మొదటివారం కోడలు వెతకని చోటు లేదు. ఫోను ఏడు చోట్లు చూపించింది. ఒకటి హోటల్లో ఉంది, బస చేసినవాళ్లకే. ఒకటి అపార్ట్‌మెంటు గేటు లోపల, తాళం. ఒకటి కార్ల షోరూములో, వాళ్లమ్మిన కార్లకే. ఒకచోటయితే స్తంభం ఉండాల్సిన చోట గొయ్యి ఉంది. గోతిలో నీళ్లు, నీళ్లలో ఒక చెప్పు. ఆ రోజు పాప ఏడుపు, అత్త దగ్గు, వెనక హారన్లు. అప్పట్నుంచి పట్నంలో కారు ఆపాలంటేనే ఆమెకు చేతులు చల్లబడతాయి. ఈ సగం దారి స్తంభం ఒక్కటే దిక్కు. పొద్దున ఇక్కడ డెబ్బై దాకా ఎక్కించుకుంటే ఆసుపత్రికి పోయి భయం లేకుండా తిరిగి ఇక్కడికే రావచ్చు. మళ్లీ ఎక్కించుకుని ఇల్లు చేరవచ్చు.

యాభై రెండుతో పోతే పోవడం పోతుంది. రావడమే.

"పన్నెండింటికి ఆసుపత్రిలో మిషను మన కోసం ఆగదు," అంది కోడలు తనలో తాను అనుకున్నట్టు. బయల్దేరింది.

ఆ మధ్యాహ్నం తిరుగుదారి ఆమెకు జీవితంలో మర్చిపోయేది కాదు. ఆసుపత్రి దగ్గరి వంతెన కింద బండ్లు గంటసేపు కదల్లేదు. పట్నం దాటి పెద్దరోడ్డెక్కేసరికి పదహారు. ఫ్యాను ఆపేసింది. అద్దాలు దించితే గాలికి బండి ఆగినట్టవుతుందని ఎవరో చెప్పారు, అందుకని అవీ ఎత్తేసింది. లోపల ఉక్క. వేగం నలభై దాటితే చార్జి తొందరగా తాగుతుందని నలభైలోనే పోనిచ్చింది. వెనకనుంచి లారీలు మీదికొచ్చి, హారన్లు కొట్టి, పక్కనుంచి తిట్టుకుంటూ పోతున్నాయి. ఒకడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఏదో అన్నాడు. తొమ్మిది. పాప పాల కోసం గుక్కపట్టింది. ఆపితే మళ్లీ కదుల్తుందో లేదో. ఏడు. ఆగిపోతే ఏం చెయ్యాలి? గొంతులో పుండుతో ఉన్న మనిషిని, పదినెలల పిల్లని రోడ్డు పక్కన ఏ నీడలో కూర్చోబెట్టాలి? ఐదు. తెర మీద అంకె పసుపు నుంచి ఎరుపుకి మారి ఆరుతూ వెలుగుతూ ఉంది.

"అమ్మాయ్," అంది వెనకనుంచి అత్త, "ఆ అంకె చూస్తూ నడుపుతున్నావా, రోడ్డు చూస్తూ నడుపుతున్నావా?"

కోడలు పెదవులు బిగించి నడిపింది. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని.

రెండు దగ్గర పెరట్లోకి తిరిగింది. గన్ గుచ్చి, దాని మీదే నుదురు ఆనించి నిలబడింది. షాపు వెనక వసారాలో బల్లకాళ్లు రుద్దే పాలిష్ మేస్త్రి చెయ్యి ఆపి చూశాడు. "కళ్లు తిరుగుతున్నాయా తల్లీ?"

"లేదండీ. ఊరికే."

మర్నాడు పులి మీద పుట్రలా ఇంకోటి వచ్చి పడింది. తెల్లవారకముందే వీధిలో కరెంటు పోయింది. వంటగది ప్లగ్గు నుంచి కిటికీలోంచి లాగిన వైరు రాత్రంతా ఎక్కించాల్సింది ఎక్కించలేదు. సగం దారికి చేరేసరికి ముప్ఫై రెండే ఉంది.

అందుకే ఆ రోజు కోడలు ఒక పని చేసింది. అక్కడికి వచ్చేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఎంతవరకు ఎక్కించుకోవాలో అట్టముక్క మీద రాసి అద్దం తుడిచే పుల్ల కింద పెట్టి పోతారు. అంత దాకా ఎవరూ ముట్టుకోకూడదు, ఆ తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు. ఇన్నాళ్లూ తన చేతిరాత నలుగురూ చూస్తారనే సిగ్గుతో ఆమె రాయలేదు. ఇవాళ పాప మందు డబ్బా అట్ట చింపి, ఒళ్లో పెట్టుకుని, అక్షరాలు ఒక్కొక్కటే గట్టిగా దిద్దింది. 'దయచేసి 75 దాకా ఉంచండి. జబ్బు మనిషి ఉన్నారు.' జబ్బు అన్న మాట అత్త చూస్తుందేమోనని అట్టను అటు తిప్పి పెట్టింది. కళ్లజోళ్లాయన కారు అప్పటికే వచ్చి గోడవార నిలబడి ఉంది. ఆయన లోపల ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నాడు.

కోడలు కారు తాళం వేసింది. అలవాటు ప్రకారం తలుపు పిడి రెండుసార్లు లాగి చూసింది. లోపల అత్త, ముందుసీట్లో మందుల సంచి, కాగితాల ఫైలు. తాళం వేస్తే కానీ ఆమెకు ఊపిరాడదు. పాపను తీసుకుని షాపులోకి వెళ్లింది. అక్కడ లెక్కల బల్ల దగ్గర కూర్చునే ఆవిడ మంచిది. ప్లాస్టిక్ కవరు విప్పని సోఫా మీద కూర్చుని పాలివ్వనిస్తుంది. పాప తాగుతున్నంతసేపూ కవరు చరచరమంటుంది. కోడలు చెవులు మాత్రం పెరట్లోనే ఉన్నాయి.

ఇరవై నిమిషాల్లో వచ్చింది. తాళం తీసింది. ముప్ఫై ఆరు.

గన్ బూడిదరంగు కారుకు గుచ్చి ఉంది. ఆమె రాసిన అట్ట పుల్ల కింద అలాగే ఉంది.

ముప్ఫై ఆరుతో పోతే రాలేరు. ఆయనది నిండేదాకా ఆగితే మిషను వేళ దాటిపోతుంది. వెళ్లి అద్దం కొట్టి అడగాలి. ఆరడుగుల దూరం. నాలుగడుగులు వేసింది. లోపల ఆయన చెవుల్లో తీగలు పెట్టుకుని, సీటు వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని ఉన్నాడు. మెడ దగ్గర గుండీ విప్పుకుని, ఎంత నిశ్చింతగా! ఆమె చెయ్యి అద్దం దాకా వెళ్లి, పాప జుట్టు సవరించి వెనక్కి వచ్చింది.

మేస్త్రి దగ్గరకెళ్లింది. "బాబాయ్, మా కారుకి గన్ ఎవరు తీశారో చూశారా?"

మేస్త్రి కుర్చీ చెయ్యిని చూస్తూ, కర్ర నార పోయే దిక్కుకే ఉప్పుకాగితం నడుపుతూ, "చేతిలో పని ఉంటే తల ఎత్తనమ్మా," అన్నాడు. అని, ఏదో చెప్పబోయినట్టు గాలి ఊది పొడి ఎగరగొట్టాడు.

"ఇవాళ్టికి ఇంటికి పోదాం పద," అంది అత్త. "ఒక్కరోజుకి కొంప మునగదు."

ఆ మాటలో ఏదో తేలిక వినబడింది కోడలికి. తన భయం చూసి జాలిపడుతోంది కాబోలు అనుకుంది. మొదటిసారి అత్త మీద ప్రేమ లాంటిది కలిగింది.

కొంప మునుగుతుందని సాయంత్రం తెలిసింది. ఆసుపత్రి నుంచి నర్సు ఫోను చేసింది. ముప్ఫైసార్లు రేడియేషను పెట్టాలి, పద్నాలుగు అయ్యాయి. మధ్యలో ఖాళీలొస్తే జబ్బు ఊపిరి తీసుకుంటుంది. ఇంకొక్కరోజు తప్పినా డాక్టరుగారు మొత్తం మళ్లీ ఆలోచించాలి, ఇంత చేసీ ఫలితం లేకుండా పోవచ్చు. "అర్థమైందా అమ్మా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ కోడలు అయిందనే చెప్పింది.

మొగుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చలికోటు విప్పకుండానే విన్నాడు. "వాణ్ణి నువ్వేం అడగలేదా?"

"పడుకుని ఉన్నాడండీ."

"పడుకుని ఉన్నాడా! మా అమ్మ ప్రాణం ఒకవైపు, వాడి నిద్ర ఒకవైపు పెట్టి చూశావు, వాడి నిద్రే బరువు తూగిందన్నమాట." అని, వెంటనే ఆ మాటకు తనే నొచ్చుకుని, ఆమె చేతిలోంచి పాపను తీసుకున్నాడు. "సెలవివ్వనన్నారు. ఈ నెలాఖరు దాకా నువ్వే. నీకు దణ్ణం పెడతాను, రేపు మాత్రం నోరు విప్పు."

ఆమె తల ఊపింది. అన్నం సయించలేదు. గోడ పక్కన అత్త గదిలోంచి దగ్గు వినబడుతోంది. ఆ దగ్గు ఆగిపోతే ఇల్లు ఎలా ఉంటుందో అని ఒక్క క్షణం తట్టింది. లేచి వెళ్లి, అవసరం లేకపోయినా, అత్త గదిలో నీళ్ల చెంబు నింపి వచ్చింది.

మూడో రోజు దారి పొడుగునా పెదవుల మీదే మాటలు వల్లె వేసుకుంది. 'చూడండీ, ఇది న్యాయం కాదు.' కాదు, మెత్తగా ఉంది. 'మీకు తల్లి లేదా?' ఇది బాగుంది. అత్త వెనకనుంచి ఆమె పెదవులు కదలడం అద్దంలో చూసి, "జపమా?" అంది.

పెరట్లో బూడిదరంగు కారు లేదు. బతికాం అనుకుంది. నలభై ఒకటి దగ్గర గన్ పెట్టింది. అట్ట పెట్టింది. తాళం వేసింది, పిడి రెండుసార్లు లాగింది. ఇవాళ కారు దగ్గరే ఉండిపోదామనుకుంది కానీ పాప లంగోటా తడిపి ఏడుపందుకుంది. మార్చి రావడానికి పది నిమిషాలు చాలు. పరుగులాంటి నడకతో వెళ్లింది. సోఫా మీద లంగోటా ఎడమది కుడికి, కుడిది ఎడమకి చుట్టింది. పరుగున వచ్చింది.

కళ్లజోళ్లాయన గన్ చేతిలో పట్టుకుని తన కారు వైపు వెళుతున్నాడు.

వల్లె వేసుకున్న మాట ఒక్కటీ గుర్తురాలేదు. "దొంగా!" అని అరిచింది. ఆ అరుపుకి పాపే హడలిపోయి ఏడుపు మరిచింది. "మనిషివా నువ్వు? మూడు రోజుల్నించీ చూస్తున్నా. అట్ట మీద రాసింది కనబడలేదా? కళ్లజోళ్లు అమ్ముతావు, నీకు కళ్లు లేవా? నిన్న నీ మూలంగా మా అత్తయ్యకి వైద్యం తప్పింది. ఆవిడకేమన్నా అయితే ఎవరిస్తారు ప్రాణం? నువ్వు తెచ్చిస్తావా, నీ పెట్టెల్లోంచి తీసి?"

ఆమె ఇంకా అంటూనే ఉంది. గొంతు తనది కానట్టు ఎక్కడో పైనుంచి వినబడుతోంది. షాపులోంచి లెక్కల బల్ల ఆవిడ తలుపు దాకా వచ్చింది. మేస్త్రి చేతిలో ఉప్పుకాగితం ఆగింది.

ఆయన గన్ను రెండు చేతుల్తో పట్టుకుని, తిట్లు అయ్యేదాకా ఆగాడు. ముఖం ఎర్రబడింది. "చెల్లెమ్మా," అన్నాడు, "నీ అట్ట నేను చూడలేదు. చూడాల్సింది, అది నా తప్పే. కానీ గన్ నేను తియ్యలేదు. మూడుసార్లూ నాకు వేలాడుతూనే దొరికింది."

"అబద్ధం!"

"నువ్వు వెళ్లేటప్పుడు తాళం వేసి వెళ్తావా?"

"వేస్తాను."

"వచ్చేసరికి తాళం వేసే ఉంటుందా?"

"ఉంటుంది. అయితే?"

ఆయన మాట్లాడకుండా వచ్చి, గన్ ఆమె కారుకే గుచ్చాడు. టిక్కుమని పట్టుకుంది. "తాళం వెయ్యి." వేసింది. "ఇప్పుడు లాగు."

ఆమె పాపను ఒక చంకకు మార్చుకుని లాగింది. రాలేదు. పాపను తలుపు దగ్గరి లెక్కల బల్ల ఆవిడకు అందించి, రెండు చేతుల్తో, కాలు బంపరుకు తన్నిపెట్టి లాగింది. గోడలో పాతిన మేకులా ఉంది, కదల్లేదు.

"కారుకి తాళం పడితే గన్‌కీ పడుతుందమ్మా. దార్లో పోయేవాడు తీసెయ్యకుండా అలా చేశారు. కారు అమ్మినాయన చెప్పలేదేమో. బయటివాడు ఊడబెరకలేడు. లోపల బొత్తం నొక్కితేనే..." అని, మాట సగంలో మింగి, తల తిప్పుకుని తన బూట్ల వంక చూసుకున్నాడు.

కోడలు ఇంకా లాగుతూనే ఉంది. చేతులు ఆపితే ఆలోచించాల్సి వస్తుందన్నట్టు లాగుతూనే ఉంది. అద్దంలోంచి లోపల అత్త కనబడుతోంది. అత్త ఆమె వంక చూడటం లేదు. గోనెసంచి కప్పిన స్తంభం వైపు చూస్తోంది. శాలువా కిందినుంచి చెయ్యి బయటికొచ్చింది. ఎముక తేలిన ఆ చెయ్యి మెల్లగా ముందుకు సాగి, తలుపు మీద బొత్తం వెతుక్కుంది.

టక్.

గన్ ఒక్కసారిగా కోడలి చేతుల్లోకి ఊడి వచ్చింది. ఆ ఊపుకి రెండడుగులు వెనక్కి తూలింది.

మేస్త్రి, చేతిలో కాగితం మడతలు పెడుతూ, "నేను చూశాను తల్లీ," అన్నాడు. "పెద్దావిడ దిగి, స్తంభం మీది ఎర్ర బొత్తం నొక్కి, రెండు చేతుల్తో లాగి, మళ్లీ ఎక్కి తాళం వేసుకునేది. ఆయాసపడేది. ఇంటి సంగతి, మనకెందుకనుకున్నా."

కోడలు కళ్లజోళ్లాయన వైపు తిరిగింది. క్షమించమనడానికి ఏ మాట వాడాలో తెలియలేదు. "అన్నయ్యా..." అని ఆగిపోయింది.

"నా దగ్గరకొచ్చేవాళ్లు సగం మంది అంతేనమ్మా," అన్నాడాయన. "దగ్గరిది కనబడదు, దూరానికి అద్దాలు కావాలంటారు." గన్ ఆమె చేతిలోంచి తీసుకుని, ఆమె కారుకే మళ్లీ గుచ్చాడు. "నీది కానీ. నాకు ఇవాళ తొందర లేదు." ఆయనకు తొందర ఉందని, గడియారం చూడకుండా చెయ్యి వెనక పెట్టుకున్నప్పుడే తెలిసింది.

కోడలు పాపను తీసుకుని వెనకసీట్లో అత్త పక్కన కూర్చుంది. తలుపు వేసింది. ముందు తెర మీద అంకె నలభై నాలుగయింది. ఇన్నాళ్లూ అంకె పెరుగుతుంటే ఆమెకు కొండంత ధైర్యంగా ఉండేది. ఇవాళ ఆ పెరగడమే భయపెట్టింది. నిండాక ఎక్కడికి పోవాలి? రానన్న మనిషిని ఎలా తీసుకుపోవాలి?

ముందు అత్తే అంది. "మీ ఆయనకి చెప్పకు."

"ఎందుకు చేశారత్తయ్యా?"

"నీకేం, నువ్వు బయట కూర్చుంటావు." అత్త శాలువా అంచు వేలికి చుట్టి విప్పింది. వేళ్లకు వైరు మసి అంటుకుని ఉంది. "బల్ల మీద పడుకోబెడతారు. ముఖానికి జల్లెడ లాంటిది తొడిగి, బల్లకేసి బిగిస్తారు. అటూ ఇటూ తిప్పలేను. మింగలేను. అప్పుడు... అప్పుడు అందరూ బయటికి వెళ్లిపోతారు. పరుగులాగా. జానెడు మందం తలుపు వేసేస్తారు. అంత పాడుదైతే, వాళ్లే భయపడి పారిపోయేదైతే, నన్నెందుకే దాంట్లో వదిలేస్తారు? దగ్గొస్తే? వాంతయితే? జల్లెడ లోపలే పోతాను. ఆ చప్పుడొకటి, తేనెటీగల తుట్టె చెవిలో పెట్టినట్టు." ఊపిరి తీసుకుంది. "పద్నాలుగు సార్లు పడ్డాను. రోజూ పొద్దున ఈ కారు కదలకూడదు దేవుడా అనుకుంటాను. కదుల్తుంది. పాడు కారు, ఎప్పుడూ కదుల్తుంది."

కోడలు ఆ చెయ్యి వంకే చూస్తోంది. రోజూ పాపను ఆడిస్తూ ఆ మందపు తలుపు అవతలి వరండాలోనే కూర్చునేది. లోపల ఏం చేస్తారో ఒక్కరోజూ అడగలేదు. ఈ కారులో భయపడేది తనొక్కతే అనుకుంది. వెనకసీట్లో ఇంకో భయం, తనకంటే పెద్దది, శాలువా కప్పుకుని రోజూ తనతోపాటే ప్రయాణం చేసిందని తెలియలేదు.

"వద్దంటే చెప్పొచ్చుగా అత్తయ్యా."

"ఎవరికి చెప్పను? వాడేమో ఏడుస్తాడు. నువ్వేమో, ఊఁ అంటే ఉలిక్కిపడతావు. భయమని నీ ముందెలా చెప్పను? ఇన్నేళ్లు నిన్ను భయపెట్టి బతికినదాన్ని."

పాప ఇద్దరి మధ్యా నిలబడి అత్త శాలువా నోట్లో పెట్టుకుంది.

"ఇవాళ నేనూ లోపలికొస్తాను," అంది కోడలు.

"రానివ్వరు."

"రానివ్వకపోతే తలుపు దగ్గర నిలబడి అరుస్తాను."

"నువ్వా! అరుస్తావా!" అత్త పెదవి వంకరపోయింది. "ఆఁ, అరుస్తావులే. ఇందాక విన్నాగా, పాపం ఆ మనిషి."

అంకె డెబ్బై రెండు చూపించినప్పుడు కోడలు దిగి గన్ తీసి తగిలించింది. ముందుసీట్లోకి వచ్చి, బయల్దేరకుండా, అద్దంలోంచి వెనక్కి చూసింది. ఎడమకు తిరిగితే ఇల్లు. కుడికి తిరిగితే పట్నం. "చెప్పండత్తయ్యా, ఎటు?"

అత్త కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. కోడలు అలాగే ఆగింది. కళ్లజోళ్లాయన గన్ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మేస్త్రి రుద్దుడు మళ్లీ మొదలైంది. చివరికి అత్త పాపను ఒళ్లోకి లాక్కుని, "నిలబెట్టి అడుగుతావేంటి, ఎండలో," అంది. కోడలు కుడికి తిప్పింది.

ఆసుపత్రికి పదిహేను నిమిషాలు ఆలస్యంగా చేరారు. మిషను దగ్గరి అమ్మాయి విసుక్కోబోయి, కోడలి ముఖం చూసి ఆగింది. కోడలు చెప్పాల్సిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆ అమ్మాయి వింటూ వింటూ నుదురు కొట్టుకుంది. "ముందే చెప్పాల్సింది కదమ్మా! లోపలికి పంపకూడదు. ఇటు రండి." ఒక గదిలో బల్ల మీద తెరలు, వాటి ముందు సన్నటి మెడతో ఒక మైకు. "ఇందులో మాట్లాడితే ఆవిడకి వినబడుతుంది. పది నిమిషాలు. ఆవిడ మాత్రం బదులు పలకకూడదు, గొంతు కదలకూడదు. ఇబ్బందైతే చెయ్యెత్తమంటాను, వెంటనే ఆపేస్తాం."

తెర మీద కోడలు మొదటిసారి చూసింది. తెల్లటి జల్లెడ కింద అత్త ముఖం, గళ్లు గళ్లుగా, ముక్కు నొక్కుకుపోయి. ఇటు రెండు, అటు రెండు బిగింపులు. పక్కన పిడికిలి పట్టిన చేతులు. మనుషులు బయటికి వచ్చేశారు. తలుపు కదిలి, కదిలి, మూసుకుంది. ఆ గదిలో ఇంకెవరూ లేరు.

"మాట్లాడండమ్మా, మొదలవుతోంది."

"అత్తయ్యా." ఆగింది. పిడికిళ్లు బిగుసుకున్నాయి తెర మీద. "అత్తయ్యా, నేనే. ఇక్కడే ఉన్నాను. పాప కూడా ఉంది." పాప మైకు అందుకోబోయి 'బ్బా' అంది. ఇంకేం చెప్పాలి? తల ఖాళీ అయిపోయింది. నాలుకకు దొరికింది దొరికినట్టు అనేసింది. "మీ గాజు గిన్నె పిల్లి పగలగొట్టిందని చెప్పాను కదా. పిల్లి కాదు. నేనే. ముక్కలు దాచిపెట్టి మీరు నిద్రపోయాక పారేశాను. ఆ పిల్లికి మీరు నాలుగు రోజులు పాలు పొయ్యలేదు, నేను దొంగతనంగా పోశాను."

మిషను అమ్మాయి అరచేత్తో నోరు మూసుకుంది.

"మీరంటే నాకు భయమత్తయ్యా. మీరు కుర్చీ జరిపితే భయం, జరపకపోతే భయం. కారంటే భయం. ఆ అంకె అంటే భయం. లారీలంటే ఎంత భయమో మీకు తెలీదు. కళ్లు మూసుకుని పక్కకిస్తాను. నిజంగానే మూసుకుంటాను, చెప్పకండి మీ అబ్బాయికి. మొన్న మీ దగ్గు ఒక గంట వినబడలేదు. అప్పుడు పడ్డ భయం ముందు ఇవన్నీ ఎందుకూ పనికిరావు. మీరు తిట్టకపోతే నేను పని ఎలా చేస్తానత్తయ్యా, ఏది తప్పో నాకెలా తెలుస్తుంది?" ముక్కు తుడుచుకుని మళ్లీ అందుకుంది. కిటికీ తెర తిరగేసి కుట్టిన సంగతి, పక్కింటావిడతో అత్త మీద చాడీ చెప్పిన సంగతి, ఆ చాడీ చెప్పాక రెండ్రోజులు నిద్రపట్టని సంగతి. ఒక్కొక్కటే, పెట్టె అడుగున బట్టలు తీసినట్టు.

తెర మీద కుడిచెయ్యి కదిలింది. "చెయ్యెత్తుతున్నారు," అని అమ్మాయి ముందుకు వంగి, ఎర్ర మీట మీద వేలు పెట్టి, ఆగింది. చెయ్యి ఎత్తలేదు. పిడికిలి విడి, చూపుడువేలు ఒక్కటే బల్ల మీదినుంచి లేచి, రెండుసార్లు ఇటూ అటూ ఆడింది. ఆ వేలు కోడలికి బాగా తెలుసు. కూరలో ఉప్పు తగ్గినప్పుడల్లా చూసే వేలే.

"చాడీ చెప్పినందుకు," అంది కోడలు ఆ అమ్మాయితో, కళ్లు తుడుచుకుంటూ.

తలుపు తెరుచుకునేసరికి పది నిమిషాలకు పైనే అయింది. అత్త గోడ పట్టుకుని నడిచి వచ్చింది. నుదుటి మీదా బుగ్గల మీదా జల్లెడ గళ్లు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. నీళ్లు రెండు గుక్కలు తాగి, నొప్పికి కళ్లు మూసుకుని తెరిచి, కోడల్ని పైనుంచి కింది దాకా చూసింది.

"పిల్లి కాదూ," అంది.

కోడలు తల దించుకుంది. "ఇంకా ఉన్నాయత్తయ్యా, టైము సరిపోలేదు."

అత్త పాపను అందుకోబోయి, చేతుల్లో బలం చాలక, కోడలి భుజం పట్టుకుంది.

"రేపు చెబుదువుగానిలే," అంది. "పద."